సున్నా నుంచి మూడు దాకా: ‘సర్వర్ డౌన్’ వెనుక లెక్క

జహీరాబాద్‌లో ఆన్‌లైన్ కౌంటర్ల ముందు నిలబడేవాళ్లకు ‘సర్వర్ డౌన్’ అన్న మాట కొత్త కాదు. ఝరాసంగం నుంచో న్యాల్‌కల్ నుంచో పొద్దున్నే బయల్దేరి ఒక సర్టిఫికెట్ కోసం వచ్చిన మనిషి, ఆ మాట విని మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చుంటాడు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. ఇరవై మందికి తలా సగం రోజు పోయిందంటే ఆ అరుగు మీదే 3,070 రూపాయలు పోయాయి. ఈ నష్టంలో చాలా భాగం ఆపగలిగేదేనని నా నమ్మకం. ఆపే సాధనం పెద్దదేమీ కాదు. పది పదిహేను వరుసల చిన్న స్క్రిప్టు చాలు.

ముందు ‘డౌన్’ అయ్యేది ఏమిటో చూద్దాం. చాలాసార్లు యంత్రం బాగానే ఉంటుంది. కరెంటు ఉంటుంది, ఫ్యాను తిరుగుతుంటుంది. ఆగిపోయేది లోపల నడిచే ఒక ప్రాసెస్. కాగితం మీద రాసి ఉన్న పాట ప్రోగ్రామ్ అయితే, దాన్ని పాడుతున్న గొంతు ప్రాసెస్. గొంతు ఆగినా కాగితం అక్కడే ఉంటుంది. ఏ పనీ లేని లైనక్స్ సర్వర్‌లో కూడా ఇలాంటి గొంతులు వంద పైచిలుకు ఉంటాయి. వాటిలో మన పనికి ప్రాణం లాంటివి రెండో మూడో: పేజీలు అందించే వెబ్ సర్వర్, లెక్కలు దాచే డేటాబేస్, ఆ రెంటి నడుమ పని నడిపేది ఒకటి.

వెళ్లి చూసి రావచ్చు కదా అంటారేమో. ఆ యంత్రం మన ఊళ్లో ఉండదు. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతాన్ని, అంటే అద్దెకిచ్చే సర్వర్ల కేంద్రాలను, తెరిచింది. అద్దెకు తీసుకున్న సర్వర్ అక్కడ ఉందనుకున్నా, 65వ నంబరు జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లు పోవాలి. పోయినా లోపలికి రానివ్వరు. కాబట్టి కావలి కూడా లోపలే, ప్రోగ్రామ్ రూపంలోనే ఉండాలి.

ఆ కావలి మనిషే ప్లగిన్. పర్యవేక్షణ చేసే పెద్ద ప్రోగ్రామ్‌కు బయటి నుంచి తగిలించే చిన్న స్క్రిప్టు అది. ఈ పద్ధతికి పేరు తెచ్చింది నాగియోస్. ఈథన్ గాల్‌స్టాడ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1999లో దీన్ని నెట్‌సెయింట్ పేరుతో విడుదల చేశాడు. 2002లో ఇప్పటి పేరు వచ్చింది. 2009లో దీని నుంచి ఐసింగా వేరుపడింది. పేర్లు మారినా ప్లగిన్‌తో చేసుకున్న ఒప్పందం మారలేదు. ఆ ఒప్పందంలో ఉన్నవి నాలుగే అంకెలు.

స్క్రిప్టు పని ముగించి పోతూ ఒక అంకె వదులుతుంది. దాన్ని ఎగ్జిట్ కోడ్ అంటారు. 0 అంటే క్షేమం. 1 అంటే జాగ్రత్త. 2 అంటే ప్రమాదం. 3 అంటే ‘నాకు తెలియలేదు’. మంచికి సున్నా ఏమిటన్న సందేహం సహజం. పని సవ్యంగా జరగడం ఒక్క రకమే, చెడిపోవడమే నానా రకాలు. అందుకే యూనిక్స్ పద్ధతిలో సున్నాను మంచికి వదిలి, 1 నుంచి 255 దాకా అంకెలన్నీ చెడు రకాలకు ఇచ్చారు. అంకెతో పాటు మనుషులు చదవడానికి ఒక వరుస కూడా స్క్రిప్టు రాస్తుంది: ‘డేటాబేస్ నడవడం లేదు’ అనో, ‘ఆరు ప్రాసెస్‌లు నడుస్తున్నాయి’ అనో.

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగుదాం. పర్యవేక్షణ ప్రోగ్రామ్ నమ్మేది అంకెను, మాటను కాదు. షెల్ స్క్రిప్టులో చివరి ఆదేశం ఏ అంకె వదిలితే స్క్రిప్టు అంకె కూడా అదే. చివరి వరుసలో ‘ప్రమాదం’ అని తెర మీద రాయించే ఎకో ఆదేశం పెట్టి వదిలేశామనుకోండి. ఎకో తన పని చక్కగా చేసింది కనుక సున్నా వదులుతుంది. తెర మీద ‘ప్రమాదం’ అని ఉంటుంది, పక్కన పచ్చరంగు వెలుగుతుంటుంది, ఎవరి ఫోనూ మోగదు. కావలివాడు నోటితో దొంగ దొంగ అంటూ చేత్తో తలుపు తీసినట్టు. ఎకో తర్వాత ‘ఎగ్జిట్ 2’ అని ఒక వరుస చేరిస్తే చాలు.

రెండో చిక్కు లెక్కింపులో ఉంది. ప్రాసెస్‌ల జాబితా ఇచ్చేది పీఎస్ ఆదేశం. అందులో ఒక పేరున్న వరుసలు ఏరేది గ్రెప్. రెంటినీ కలిపి డేటాబేస్ పేరు వెతికితే, వెతుకుతున్న గ్రెప్ కూడా ఒక ప్రాసెసే, దాని వరుసలోనూ ఆ పేరు ఉంటుంది. డేటాబేస్ చచ్చిపోయినా లెక్క ‘1’ అనే వస్తుంది. ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని వెతకడానికి వెళ్లి, ఒకరున్నారని తనను చూసే చెప్పినట్టు. పీగ్రెప్ అనే ఆదేశం తనను తాను లెక్కలోకి తీసుకోదు. నాగియోస్ ప్లగిన్ల మూటలో వచ్చే చెక్ ప్రాక్స్ ఇంకా మేలు. ఒక్క జాగ్రత్త: లైనక్స్ ప్రాసెస్ పేరులో మొదటి 15 ఇంగ్లిషు అక్షరాలే గుర్తుపెట్టుకుంటుంది. పదహారో అక్షరం నుంచి కోసేస్తుంది. పొడుగు పేరు పూర్తిగా ఇచ్చి వెతికితే, బతికున్నదాన్ని కూడా పీగ్రెప్ లేదనే చెబుతుంది.

ఉందా లేదా తెలిస్తే సరిపోదు, ఎన్ని ఉన్నాయన్నదీ ముఖ్యమే. అపాచీ అనే వెబ్ సర్వర్‌ను చూడండి. పాత పద్ధతి అమరికలో అది ఒక్కో సందర్శకుడికి ఒక్కో ప్రాసెస్ కేటాయిస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే గరిష్ఠంగా 256 దాకా పోతుంది. ఒక్కోటి 40 మెగాబైట్ల మెమరీ తింటుందనుకుందాం. 256 నిండితే 10,240 మెగాబైట్లు, అంటే పది గిగాబైట్లు. మీరు అద్దెకు తీసుకున్న సర్వర్‌లో ఉన్నది ఎనిమిదే అనుకోండి. రెండొందల మందికి వండి రెండొందల యాభై మందిని పంక్తిలో కూర్చోబెట్టినట్టు.

అప్పుడు జరిగేది మరీ అన్యాయం. మెమరీ అయిపోగానే లైనక్స్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపి చోటు చేసుకుంటుంది. సాధారణంగా ఒంటిగా ఎక్కువ మెమరీ పట్టుకున్నదాన్నే ఎంచుకుంటుంది. అది తరచూ డేటాబేసే అవుతుంది. తిన్నది ఒకరు, వేటు ఇంకొకరి మీద. ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే ఈ అనుమానం ముందు రావాలి. బలవంతంగా చంపే సంకేతం అంకె 9, దానికి 128 కలిపితే 137.

ఇంతకీ హద్దులు ఎక్కడ పెట్టాలి? ఈ గుణకారమే చెబుతుంది. 100 ప్రాసెస్‌లంటే నాలుగు గిగాబైట్లు, సగం సర్వర్. డేటాబేస్‌కు రెండు, మిగతా వ్యవస్థకు ఒకటి పక్కన పెడితే అపాచీకి మిగిలేది ఐదు, అంటే 125 ప్రాసెస్‌లు. కాబట్టి 100 దాటితే 1, 120 దాటితే 2, ఒక్కటీ లేకపోతే కూడా 2. పై హద్దు ఎంత అవసరమో కింది హద్దూ అంతే అవసరం. వేరేవాళ్ల అంకెలు తెచ్చి అతికించుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మీ ప్రాసెస్ 40 మెగాబైట్లు తింటుందో 90 తింటుందో మీ యంత్రం మీదే కొలవాలి.

ఇక సమయం లెక్క. ఐదు నిమిషాలకోసారి చూడు, తేడా కనిపిస్తే నిమిషానికోసారి మళ్లీ చూడు, వరసగా మూడుసార్లు అదే జవాబొస్తే ఫోన్ మోగించు. నాగియోస్‌లో ఇలాంటి అమరిక మామూలే. పరీక్ష అయిన మరుక్షణమే ప్రాసెస్ చచ్చిందనుకుంటే, తర్వాతి పరీక్షకు ఐదు నిమిషాలు, నిర్ధారణకు రెండు, మొత్తం ఏడు. సగటున నాలుగున్నర. ఇది ఎక్కువా తక్కువా? ఏడాదికి 8,760 గంటలు. 99.9 శాతం పని చేస్తాం అన్నవారికి ఏడాది మొత్తానికి ఉన్న సెలవు 8 గంటల 46 నిమిషాలే. కావలి లేని సర్వర్ రాత్రి పదికి ఆగి, ఆఫీసు తెరిచాక పొద్దున తొమ్మిదికి బయటపడితే పదకొండు గంటలు. ఒక్క రాత్రితో ఏడాది సెలవంతా అయిపోయి, ఇంకా అప్పు పడ్డట్టు. అదే ఏడు నిమిషాల్లో తెలిసి, పదమూడు నిమిషాల్లో సరిచేస్తే ఇరవై నిమిషాలు. అలాంటివి ఏడాదిలో 26 వచ్చినా మాట తప్పినట్టు కాదు.

మూడుసార్లు ఎందుకు, ఒక్కసారి చాలదా? చాలదు. పది సర్వర్లు, ఒక్కోదానికి ఇరవై పరీక్షలు అనుకుందాం. ఐదు నిమిషాలకోసారి అంటే రోజుకు 288 సార్లు. మొత్తం 57,600 పరీక్షలు. వెయ్యికి ఒకటి ఉత్తినే తప్పు చెప్పినా రోజుకు సుమారు 58 దొంగ కేకలు. నాన్నా పులి కథ మనందరికీ తెలుసు. రెండో వారానికి ఎవరూ ఫోన్ చూడరు. వరసగా మూడు తప్పులు పడాలని షరతు పెడితే, ఆ తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, దొంగ కేక సుమారు 47 ఏళ్లకొకటి. నిజంలో నెట్‌వర్క్ పోతే మూడూ ఒకేసారి తప్పుతాయి కనుక అంత మేలు దక్కదు. అయినా తేడా ఏ దిక్కున ఉందో తెలుస్తుంది.

చచ్చిన ప్రాసెస్‌ను, లైనక్స్‌లో ప్రాసెస్‌లను మొదలుపెట్టే సిస్టమ్‌డీ తనే లేపుతుంది కదా, ఈ కావలి ఎందుకు అని తెలిసినవాళ్లు అడుగుతారు. మళ్లీ మొదలుపెట్టమని మనం చెప్పి ఉంటే లేపుతుంది, నిజమే. కానీ మామూలు అమరికలో పది సెకన్లలో ఐదుసార్లు లేపి చూసి, నిలబడకపోతే వదిలేస్తుంది. నెమ్మదిగా చచ్చి లేస్తూ ఉండే ప్రాసెస్‌ది ఇంకో రోగం. ఎప్పుడు లెక్కపెట్టినా ‘ఒకటి ఉంది’ అనే వస్తుంది. దాని వయసు, అంటే మొదలై ఎన్ని సెకన్లయిందో కూడా పీఎస్ చెబుతుంది. నెల నుంచి నడవాల్సింది 40 సెకన్ల పసిదిగా కనిపిస్తే అది 1 వదలాల్సిన సమయం.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న వేరే. ఉండటం వేరు, పని చేయడం వేరు. జొన్న చేలో దిష్టిబొమ్మ కూడా పగలూ రాత్రీ నిలబడే ఉంటుంది. మంచె మీద మనిషిలా కేక వేసి పిట్టల్ని తోలదు. చెరకు సీజన్‌లో కాంటా దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయనుకోండి. తూకం చీటీ ఇచ్చే ప్రాసెస్ జాబితాలో ఉంది, మెమరీ కూడా పట్టుకుని ఉంది, కానీ దేనికోసమో ఎదురుచూస్తూ బిగుసుకుపోయింది. లెక్కపెట్టే ప్లగిన్ సున్నా వదులుతుంది. చీటీ మాత్రం రాదు.

ఇక్కడ మన పక్కనున్న మాచ్‌నూర్ నుంచి ఒక పాఠం తీసుకోవచ్చు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 2008 అక్టోబర్ 15న సంఘం రేడియోను అక్కడే మొదలుపెట్టారు. ఏ రేడియోకైనా స్టూడియోలో దీపాలు వెలగడం అసలు పరీక్ష కాదు. ఊళ్లో ఎవరో ఒకరు రేడియో తిప్పి మాట వినపడుతోందని చెప్పడమే పరీక్ష. సర్వర్‌కూ అంతే. ప్రాసెస్‌ను లెక్కపెట్టే స్క్రిప్టు పక్కన, శ్రోతలా ప్రవర్తించేది ఇంకొకటి ఉండాలి. అది నిజంగా ఒక పేజీ అడగాలి, డేటాబేస్‌లో ఒక వరుస చదవాలి. పది సెకన్లలో జవాబు రాకపోతే 2 వదలాలి. మొదటిది ఏ భాగం చెడిందో చెబుతుంది. రెండోది కౌంటర్ దగ్గర మనిషికి పని జరుగుతోందా లేదా చెబుతుంది. ఒక్కటే పెట్టుకునే ఓపిక ఉంటే నేను రెండోదే పెట్టుకోమంటాను.

కావలే బరువవుతుందా? ఒక సర్వర్‌కు రోజుకు 20 పరీక్షలు 288 సార్లు అంటే 5,760. ఒక్కోటి సెకనులో పదో వంతు తీసుకుంటే మొత్తం 576 సెకన్లు, పది నిమిషాల లోపు. రోజులోని 1,440 నిమిషాల్లో అది ఒక శాతం కూడా కాదు.

దొంగలకు తలుపు తీసినట్టవుతుందా? అజాగ్రత్తగా ఉంటే అవుతుంది. దూరపు సర్వర్‌లో ప్లగిన్‌ను నడిపించడానికి ఎన్‌ఆర్‌పీఈ అనే సహాయకుడు వాడతారు. అది 5666 అనే పోర్టు దగ్గర వింటుంది. ఆ తలుపు మీ కావలి యంత్రానికి, అంటే పర్యవేక్షణ ప్రోగ్రామ్ నడిచే యంత్రానికి తప్ప ఇంకెవరికీ తెరుచుకోకూడదు. బయటి నుంచి ఆదేశానికి అదనపు మాటలు చేర్చి పంపే వెసులుబాటు అందులో మొదట మూసే ఉంటుంది. దాన్ని తెరిచే మీటకు తయారీదార్లు పెట్టిన పేరుకు అర్థం ‘ఎన్‌ఆర్‌పీఈని నిందించొద్దు’ అని. ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకండి. స్క్రిప్టును సర్వాధికారాలుండే రూట్ ఖాతాతో కాక మామూలు ఖాతాతో నడపండి.

కావలి యంత్రాన్ని, అది కాసే సర్వర్‌ను ఒకే చోట పెట్టొద్దు. రెండూ ఒకే కరెంటు మీద ఉంటే రెండూ కలిసే ఆగుతాయి, ఆ నిశ్శబ్దం క్షేమంలాగే వినిపిస్తుంది. రోజూ పొద్దున ఏడింటికి ‘నేను నడుస్తున్నాను’ అని కావలి యంత్రం చేత ఒక సందేశం పంపించుకోండి. అది రాని రోజు కూడా ఒక కబురే.

అన్నీ అమర్చాక, పని లేని ఒక ఆదివారం మధ్యాహ్నం చూసుకుని, అందరికీ ముందే చెప్పి, ఆ ప్రాసెస్‌ను మీ చేత్తోనే ఆపండి. గడియారం చూసుకోండి. ఏడు నిమిషాల లోపు ఫోన్ మోగాలి. ఎనిమిదో నిమిషానికీ మోగకపోతే స్క్రిప్టు తెరిచి ముందు చిట్టచివరి వరుస చూడండి: అక్కడ ఎకో ఉందా, అంకె ఉందా?