రేసు కారు పట్టంతా అడుగుభాగంలోనే

రేసు కారు మలుపులో నిలదొక్కుకోవడానికి దాని అడుగుభాగమే ఆధారం. కారు కిందికి చేరిన గాలి ఇరుకు మార్గంలో వేగం పుంజుకోవడంతో అక్కడ పీడనం తగ్గి, కారు నేలకు అదుముకుంటుంది. 1978లో మారియో ఆండ్రెట్టి ఫార్ములా వన్ ప్రపంచ విజేతగా నిలవడంలో ఈ సూత్రంతో రూపొందిన 'లోటస్ 79' కారుది కీలకపాత్ర.

అయితే అదిమే బలం ముందు, వెనుక చక్రాలపై తగిన పాళ్లలో పడాలి. ముందువైపు ఎక్కువైతే వెనుక చక్రాలు జారిపోతాయి. వెనుకవైపు ఎక్కువైతే స్టీరింగు తిప్పినా కారు తగినంతగా మళ్లదు. అడుగుభాగం నేలకు మరీ దగ్గరైతే గాలి ప్రవాహం దెబ్బతిని పట్టు ఒక్కసారిగా సడలుతుంది.

2022లో పలు కార్లు ఇదే కారణంగా వేగంలో పైకీ కిందికీ ఊగిపోయాయి. దీంతో డ్రైవర్ల భద్రత దృష్ట్యా 2023 సీజన్‌కు అడుగుభాగం అంచులను 15 మిల్లీమీటర్ల మేర ఎత్తాలని నియంత్రణ సంస్థ ఎఫ్ఐఏ నిబంధన విధించింది.