దీవి నుంచి కొండ దాకా రెండు రోజుల సఫర్

మన ఇళ్ళలో ఆడవాళ్ళు చేసిన ప్రయాణాలు లెక్కపెడితే చేతి వేళ్ళు కూడా మిగిలిపోతాయి. పెళ్ళికి ఒకటి, చావుకు ఒకటి, ఉరుసుకో మొక్కుకో ఇంకొకటి. అల్లాహ్ తౌఫీఖ్ ఇస్తే హజ్, ఉమ్రా. అంతకు మించి, ఊరికే నాలుగు చోట్లు చూసి వద్దామని గడప దాటిన వాళ్ళు మన అమ్మల్లో, నానీల్లో ఎంతమంది ఉన్నారు?

చిత్తూరులో మా వీధి ఆడవాళ్ళ మధ్య ఒకరోజు ఈ మాటే వచ్చింది. ఎవరో పేపర్లో వచ్చిన ప్రకటన చదివి వినిపించారు. మలేసియా వైపు బృంద యాత్ర, సముద్రంలో దీవులు, మంచు కమ్మిన కొండలు, ఆరు రాత్రులు. మనిషికి అయ్యే ఖర్చు వినగానే అందరూ నవ్వేశారు. బడిలో పంతులమ్మగా పనిచేస్తున్న ఒక ఆపా మాత్రం నవ్వలేదు. "మన పక్క దీవులు లేవా? కొండలు లేవా?" అని అడిగింది.

ఆ ప్రశ్నతోనే మా యాత్ర మొదలైంది. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు ఇంటికి నెలకు మూడు వందల చొప్పున ఏడాదిపాటు చీటీలా దాచారు. యాభై వేలకు పైగా జమయింది. "ఆడవాళ్ళకు ఊళ్ళు తిరిగే పనేమిటి?" అని గొణిగిన పెద్దలు లేకపోలేదు. "మీరూ రండి" అనేసరికి వాళ్ళూ బ్యాగులు సర్దుకున్నారు. జనవరిలో ఒక శనివారం ఫజ్ర్ నమాజ్ చేసుకుని, ముసలివాళ్ళు, పిల్లలతో కలిపి నలభై ఇద్దరం బస్సెక్కాం.

మాతో వచ్చినవాళ్ళలో ఒక ఖాలా ఉన్నారు. కువైట్‌లో ఒక ఇంట్లో పన్నెండేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. ఆ డబ్బుతోనే ఇద్దరు కూతుళ్ళ పెళ్ళి చేశారు, ఇల్లు కట్టారు. మన చిత్తూరు, కడప జిల్లాల్లో ఇలాంటి ఖాలాలు లేని వీధి అరుదు. "సముద్రం పక్క ఊళ్ళోనే ఉన్నాను గానీ బాబూ, సముద్రం చూసింది విమానం కిటికీలోంచే" అని ఆమె బస్సులో చెప్పారు. ఆ మాట విన్నాక మా ప్రయాణం ఎందుకో మాకే ఇంకాస్త బాగా తెలిసింది.

నీళ్ళ నడుమ దర్గా

తిరుపతి, శ్రీకాళహస్తి దాటి సూళ్ళూరుపేట చేరేసరికి గాలిలో ఉప్పు తెలుస్తుంది. అక్కడి నుంచి తడ దాకా తూర్పున పరుచుకున్నదే పులికాట్ సరస్సు. ఒడిశాలోని చిలక తర్వాత దేశంలో ఇదే రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రలో, మిగతాది తమిళనాడులో ఉంది. కాళంగి, అరణి నదుల నీరు, సముద్రపు నీరు ఇందులో కలుస్తాయి. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సరస్సుకూ సముద్రానికీ మధ్య గోడలా నిలిచిన దీవి శ్రీహరికోట. 2023 జులై 14న చంద్రయాన్-3 నింగికెగసింది అక్కడి నుంచే.

ఈ సరస్సులో తడ మండలానికి చెందిన వేనాడు అనే దీవి ఉంది. అక్కడి దర్గా పేరు మన వైపు చాలామంది విని ఉంటారు. గంధోత్సవానికి ఆంధ్ర నుంచీ తమిళనాడు నుంచీ జనం వస్తారు. ముస్లింలే కాదు, చుట్టుపక్కల హిందూ కుటుంబాలూ వస్తాయి. మేం వెళ్ళింది ఉత్సవం రోజు కాదు. అందుకే తొక్కిసలాట లేదు, ప్రశాంతంగా ఫాతెహా చదువుకున్నాం. జొహర్ వేళయింది. ప్రయాణికులం కనుక ఖస్ర్ చేశాం. నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా చదువుతుంటే, సఫర్‌లో ఉన్నవాడి అలసట అల్లాహ్‌కు ఎంత తెలుసో అనిపించింది. ఇంటి పట్టునే బతుకు గడిచిన ఒక నానీకి ఈ సౌలభ్యం వాడుకోవడం అదే మొదటిసారి. "తప్పు కాదు కదా?" అని రెండుసార్లు అడిగి మరీ సలాం తిప్పింది.

మధ్యాహ్నం భీములవారిపాళెంలో పడవ ఎక్కాం. సరస్సు లోతు చాలాచోట్ల మనిషి నడుము దాటదు. ఆ పలుచటి నీళ్ళలోనే చలికాలం ఫ్లెమింగోలు వేల సంఖ్యలో దిగి మేత వెతుక్కుంటాయి. దూరం నుంచి చూస్తే నీటి అంచున గులాబీ రంగు గీత గీసినట్టుంటుంది. దగ్గరలోని నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పిల్లలు పక్షులను లెక్కపెట్టడం మొదలుపెట్టి, కాసేపటికి లెక్క వదిలేశారు.

ఖాలా మాత్రం పక్షుల వైపు చూడలేదు. పడవ అంచు పట్టుకుని, ఒక చెయ్యి నీళ్ళలో పెట్టి కూర్చున్నారు. ఆ చేతిని ఎంతసేపటికీ తియ్యలేదు. ఎవరూ ఆమెను పలకరించలేదు.

పడవ నడిపే అతను ఇరకం దీవి వైపు చూపించాడు. అక్కడ కుటుంబాలు కాపురముంటున్నాయి. బజారుకైనా, ఆసుపత్రికైనా పడవే దిక్కు. రాత్రివేళ పురిటినొప్పులు వస్తే ఏం చేస్తారని మాలో ఒకామె అడిగింది. "గాలి ఎటు ఉందో చూసుకుని బయలుదేరడమే అమ్మా" అన్నాడు. సరస్సును సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతుంటే చేప, రొయ్య తగ్గిపోతున్నాయని కూడా చెప్పాడు. మనం గంటసేపు చూసి మురిసిపోయే నీళ్ళ మీదే వాళ్ళ బతుకంతా ఆధారపడి ఉంది. చూడటానికి వెళ్ళినవాళ్ళం ఆ సంగతి కూడా చూసి రావాలి.

మనకంటే ముందు వెళ్ళిన లుంగీ

సరస్సు దక్షిణ కొసన, తమిళనాడులో పులికాట్ అనే పాత రేవు ఊరుంది. 1613లో డచ్చివారు అక్కడ కోట కట్టారు. మన తీరంలో నేసిన, అద్దిన బట్టలు ఆ రేవు నుంచి ఓడలెక్కి జావా, సుమత్రా, మలయా దీవులకు వెళ్ళేవి. అక్కడివాళ్ళు వాటిని ఎంత ఇష్టపడ్డారంటే, ఇవాళ్టికీ మలేసియాలో మగవాళ్ళు మసీదుకు కట్టుకెళ్ళే గళ్ళ లుంగీని 'కైన్ పెలికట్' అంటారు. ఇండోనేషియాలో అదే 'సారుంగ్ పలేకట్'. రెండు పేర్లూ ఈ పులికాట్ నుంచి పుట్టినవే.

పంతులమ్మ ఆపా ఈ సంగతి చెప్పగానే, గళ్ళ లుంగీతో కూర్చున్న ఒక చాచా నవ్వి, "మనం ఆ దీవులకు పోలేదు గానీ మన లుంగీ నాలుగు వందల ఏళ్ళ కిందటే పోయింది" అన్నారు. పడవంతా నవ్వులే.

ఏనుగు మల్లమ్మ కొండ మీద

ఆ రాత్రి తిరుపతిలో బంధువుల ఇళ్ళలో సర్దుకున్నాం. ఆదివారం తెల్లవారుజామున పీలేరు, వాల్మీకిపురం మీదుగా గుర్రంకొండ చేరాం. కొండ మీద కోట, కింద రంగినీ మహల్, దగ్గరలో మక్బరా. ఆ మక్బరా హైదర్ అలీ బావమరిది మీర్ రజా అలీ ఖాన్‌ది. హైదర్ అలీ కూడా 1782 డిసెంబర్ 7న కన్నుమూసింది మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట దండు విడిదిలోనే. పిల్లలు పుస్తకంలో మైసూరు యుద్ధాలని చదువుతారు. ఆ యుద్ధాల గుర్రాలు మన ఊళ్ళ మీదుగానే పరుగెత్తాయని ఆ గుమ్మటం కింద నిలబడితే తెలుస్తుంది.

అక్కడి నుంచి మదనపల్లె. ఠాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది 1919లో ఈ ఊరి కాలేజీలోనే. ఊరు దాటి ముప్పై కిలోమీటర్ల లోపు వెళితే హార్సిలీ హిల్స్. ఎత్తు దాదాపు 4,100 అడుగులు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల కథ ఇప్పటికీ అక్కడ చెబుతారు. కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర వేసవి తాపానికి తాళలేక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాక కొండకు ఆయన పేరు పడింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ భాగమంతా కడప కిందే ఉండేది.

మలుపు మలుపుకూ చలి పెరిగింది. నీలగిరి చెట్ల వాసన బస్సులోకి వచ్చింది. ఇద్దరు పిల్లలకు కడుపులో తిప్పింది. నిమ్మకాయలు వాసన చూపించి, బస్సు ఆపి ఆపి ఎక్కించాం. అసర్ చదువుకుని గాలిబండ మీదికి వెళ్ళాం. ఆ బండ మీద గాలి కొంగునూ, బురఖానూ నిలవనివ్వదు. కింద పొలాలు, చెరువులు, ఊళ్ళు గవ్వలు పరిచినట్టున్నాయి. నిన్నటి నానీ కాసేపు చూసి, "ఇంత పెద్దదా మన సీమ!" అంది. అరవై ఏళ్ళుగా ఆ సీమలోనే ఉన్న మనిషి అన్నమాట అది.

వెళ్ళాలనుకునేవారికి

పక్షుల కోసమైతే నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళాలి. పడవలో పిల్లలకూ పెద్దలకూ లైఫ్ జాకెట్ వేయనిదే కదలనివ్వకండి. ఉప్పు గాలికీ ఎండకూ తాగేనీళ్ళు ఎక్కువ పెట్టుకోండి. కొండ మీద జనవరి రాత్రి చలి తీవ్రంగా ఉంటుంది, శాలువలు మరవద్దు. ముసలివాళ్ళ మందులు పెట్టెలో కాక చేతి సంచిలో ఉంచండి. మేం మొదటి పూట బిర్యానీ, రెండో రోజుకు పులిహోర, రొట్టెలు ఇంటి నుంచే తీసుకెళ్ళాం. వండినవాళ్ళు ఆడవాళ్ళే. వచ్చే ఏడు ఆ పని మగవాళ్ళదని బస్సులోనే తీర్మానమైంది. తిన్నచోట కవరు ముక్క వదలకుండా పిల్లలకు సంచులిచ్చాం.

ఖురాన్ మనిషిని భూమి మీద సంచరించి సృష్టిని చూడమంటుంది. ఆ ఆదేశం మగవాళ్ళకు మాత్రమే అని ఎక్కడా లేదు. గల్ఫ్‌లో చెమటోడ్చి ఇల్లు నిలబెట్టిన చెల్లెలికీ, నలభై ఏళ్ళు పొయ్యి ముందే గడిపిన అమ్మకూ రెండు రోజుల గాలి, నీరు, కొండ చూపించడం పెద్ద ఖర్చేమీ కాదు. పెళ్ళిలో ఒక పూట దండగ తగ్గించుకుంటే చాలు.

ఆదివారం అర్ధరాత్రి చిత్తూరులో బస్సు దిగాం. నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని అందరూ ఇళ్ళ దారి పట్టారు. ఖాలా మాత్రం ఆగి, కొంగు ముడి విప్పి మూడు వందలు నా చేతిలో పెట్టారు. "వచ్చే ఏటి చీటీకి ఇది నా మొదటి నెల" అన్నారు.

మీ వీధిలోనూ ఇలాంటి చీటీ ఒకటి మొదలవుతుందని ఆశిద్దాం. ఇన్షా అల్లాహ్.