నగ కొనేముందు నగ మీద రాసింది చదవండి

మన ఇళ్లల్లో నిశ్చితార్థం అయ్యిందంటే చాలు, తర్వాతి మాట బంగారం గురించే. మదనపల్లె బజారులో చూద్దామా, పుంగనూరులో తెలిసిన సేఠ్ దగ్గర తీసుకుందామా, కుప్పం వాళ్లయితే బెంగళూరు రైలెక్కుదామా అని ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటారు. డిజైన్ గంటసేపు చూస్తారు, మజూరీ దగ్గర అరగంట బేరమాడతారు. నగ లోపలివైపు చిన్నగా చెక్కిన గుర్తుల్ని మాత్రం చాలామంది ఒక్క నిమిషం కూడా చూడరు. "నైన్ వన్ సిక్సేనా?" అని అడుగుతాం. "అవునమ్మా, నైన్ వన్ సిక్సే" అంటారు. అంతటితో సరి.

ఆ ఒక్క నిమిషం చూడకపోతే ఎంత నష్టమో, చూస్తే ఏం తెలుస్తుందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

క్యారెట్ అంటే ఏమిటి?

ఈ మాట మనకు కొత్తదేం కాదు. అరబీలో ఖీరాత్ అంటారు. పూర్వం ఒకరకం చెట్టు గింజలతో బంగారం తూచేవారు, ఆ గింజ పేరు నుంచే ఈ మాట వచ్చింది. ఇప్పుడది స్వచ్ఛతకు కొలత. మొత్తం 24 భాగాలు అనుకుంటే అందులో ఎన్ని భాగాలు అసలు బంగారమో చెప్పేదే క్యారెట్. 22 క్యారెట్ అంటే 22 భాగాలు బంగారం, మిగతా 2 భాగాలు రాగి, వెండి లాంటి లోహాలు. 24 క్యారెట్ బంగారం మరీ మెత్తన. దాంతో గాజు చేస్తే వంగిపోతుంది. అందుకే కలుపుతారు. కలపడం మోసం కాదు, ఎంత కలిపారో దాచడం మోసం.

అదే లెక్కను వెయ్యికి చెబితే 22 క్యారెట్‌కు 916, 20కి 833, 18కి 750, 14కి 585 వస్తుంది. నైన్ వన్ సిక్స్ అంటే వెయ్యి గ్రాముల్లో 916 గ్రాములు అసలు బంగారం అన్నమాట. అది కంపెనీ పేరూ కాదు, డిజైన్ పేరూ కాదు.

10 గ్రాముల గొలుసు 22 క్యారెట్‌ది అయితే అందులో 9.16 గ్రాముల బంగారం ఉంటుంది. 18 క్యారెట్‌ది అయితే 7.5 గ్రాములే. మేలిమి బంగారం గ్రాము పదివేలు అనుకున్నా, ఆ తేడా 16,600 రూపాయలు. చూడ్డానికి రెండూ ఒకేలా మెరుస్తాయి.

చూడాల్సినవి మూడు గుర్తులు

హాల్‌మార్క్ వేసే విధానం బీఐఎస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థది. 2000లో మొదలైంది. 2021 జూన్ 16 నుంచి విడతలవారీగా జిల్లాల్లో తప్పనిసరి చేస్తూ వచ్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నగ మీద మూడు గుర్తులు ఉండాలి.

ఒకటి, బీఐఎస్ త్రికోణం గుర్తు.
రెండు, స్వచ్ఛత. 22 క్యారెట్ నగ అయితే 22కె916 అని ఇంగ్లిషు అక్షరంతో ఉంటుంది.
మూడు, హెచ్‌యూఐడీ. అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల నంబరు. మనిషికి ఆధార్ ఎలాగో నగకు ఇది అలాగ. ఒక నగ నంబరు ఇంకో నగకు ఉండదు.

ఈ గుర్తులు చాలా చిన్నవి. షాపులో భూతద్దం ఉంటుంది, మొహమాటపడకుండా అడగండి. తర్వాత ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి హెచ్‌యూఐడీ నంబరు కొట్టండి. ఆ నగ ఏ రకం, ఎంత స్వచ్ఛత, ఏ కేంద్రంలో పరీక్షించారు అన్నది కనిపిస్తుంది. చేతిలో గాజు ఉండి, యాప్‌లో ఉంగరం అని వస్తే అక్కడే ఆగిపోండి.

2 గ్రాముల లోపు ముక్కుపుడక లాంటి వాటికి, కుందన్, పోల్కీ నగలకు, ఏటా 40 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న షాపులకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అలాంటి చోట బిల్లే మీకు సాక్ష్యం.

కేడీఎం అంటే?

"ఇది కేడీఎం నగ, గ్యారంటీ" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. కేడీఎం స్వచ్ఛతకు గుర్తు కాదు. అతుకులు వేయడానికి కాడ్మియం వాడారని మాత్రమే దాని అర్థం. ఆ పొగ పీల్చిన పనివాళ్ల ఆరోగ్యం దెబ్బతింటుంది. బీఐఎస్ దాన్ని ఒప్పుకోదు.

బిల్లులో ఏముండాలి?

నగ పేరు, బంగారం నికర బరువు, క్యారెట్, హాల్‌మార్క్ ఖర్చు విడివిడిగా రాయాలి. నల్లపూసల లచ్ఛా కొంటే పూసల బరువు, రాళ్లున్న కమ్మలు కొంటే రాళ్ల బరువు తీసేసి బంగారానికే లెక్క కట్టారో లేదో చూసుకోండి. 22 క్యారెట్ నగకు 24 క్యారెట్ రేటు వేశారేమో కూడా చూడండి. జీఎస్టీ తప్పించుకుందామని తెల్లకాగితం మీద రాయించుకుంటే, రేపు అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

అనుమానం వస్తే బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రంలో మీరే పరీక్ష చేయించుకోవచ్చు. హాల్‌మార్క్ నగలో చెప్పినదానికంటే స్వచ్ఛత తక్కువని తేలితే, తగ్గిన బంగారం విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కూడా ఇప్పించాలని నిబంధన ఉంది. 20 గ్రాముల నగ 22 క్యారెట్ అని అమ్మి, అది 20 క్యారెట్ అని తేలిందనుకోండి. 1.66 గ్రాములు తగ్గినట్టు. దాని విలువకు రెండింతలు మీకు రావాలి. ఫిర్యాదుకు బీఐఎస్ కేర్ యాప్ ఉంది, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది.

మెహర్ రాసేటప్పుడు

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. నికాహ్‌నామాలో "రెండు తులాల బంగారం" అని రాసి ఊరుకుంటాం. పాత తులం 11.664 గ్రాములు. ఈరోజు బజారులో తులం అంటే 10 గ్రాములు. రెండు తులాలకే మూడు గ్రాములకు పైగా తేడా. పైగా ఏ క్యారెట్టో రాయలేదు. మెహర్ పెళ్లికూతురి హక్కు, అందులో అనుమానం మిగలకూడదు. "20 గ్రాములు, 22 క్యారెట్" అని స్పష్టంగా రాయించండి. నగగా ఇస్తుంటే హెచ్‌యూఐడీ నంబరు, బిల్లు కాపీ ఆమె దగ్గరే ఉంచండి. జకాత్ కోసం నగల విలువ కట్టేటప్పుడూ ఈ కాగితమే పనికొస్తుంది. ఏ నగను ఎలా లెక్కించాలన్నది మాత్రం మీ ఆలిమ్‌ను అడగండి.

నానీ ఇచ్చిన పాత గాజుల మీద ఏ గుర్తూ లేకపోతే కంగారు పడొద్దు. ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు, అమ్మడానికీ అడ్డులేదు. అయితే మార్పిడికి వెళ్లేముందు పరీక్ష చేయించుకోండి. "పాతది కదమ్మా, తరుగు ఎక్కువ పోతుంది" అంటే, మీ చేతిలో కాగితం ఉంటుంది.

కుప్పం పక్కనే గుడుపల్లె మండలంలో బంగారు గనులుండేవి. కోలార్ గనులతో పాటు 2001లో అవీ మూతపడ్డాయి. గని పక్కన పుట్టినా మనకు బంగారం ఊరికే రాదు. ఏళ్లు కూడబెడితేనే ఒక గొలుసు. అందుకే ఈసారి షాపుకు వెళ్లినప్పుడు డిజైన్ తర్వాత చూడండి, ముందు భూతద్దం అడగండి.