పాలసీసాను వేడినీళ్లతో కడిగితే చాలా?



మన ఎల్‌కేజీ పిల్లల్లో చాలామందికి ఇంట్లో చంటి తమ్ముడో చెల్లెలో ఉన్నారు కదా, అందుకే ఈ మాట. సీసాలో వేడినీళ్లు పోసి, ఊపి పారబోస్తే శుభ్రమైపోయిందనుకుంటాం. మా అక్క కొడుక్కి నేనూ అలాగే చేసేదాన్ని. ఒకరోజు పాలపీక ఊడదీసి చూస్తే, మూత మరలో పాలజిడ్డు! క్రిములు పెరిగేది అక్కడే, పసివాళ్లకు విరేచనాలు తెచ్చేదీ అవే.

ముందు మీ చేతులు కడుక్కోండి. సీసా భాగాలన్నీ విడదీసి, సింకులో కాకుండా విడి గిన్నెలో సబ్బునీళ్లు, బ్రష్‌తో రుద్దండి. పీక రంధ్రంలోంచి నీళ్లు పిండండి. జిడ్డు పూర్తిగా వదిలాకే అన్నీ మునిగేలా నీళ్లు పోసి, తెర్లడం మొదలయ్యాక 5 నిమిషాలు మరిగించండి. తువ్వాలుతో తుడవొద్దు, గాలికే ఆరనివ్వండి. 2 నెలల లోపు పిల్లలకూ, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకూ ఇలా రోజూ మరిగించాలి. చీలిన పీకను మాత్రం మరిగించినా వాడకండి.