చార్టు రాసే చెయ్యి: నర్సింగ్ చదువులో దళిత విద్యార్థిని ఎదుగుదల

నర్సింగ్ విద్యార్థిని ఎలా ఎదగాలో చెప్పమంటే మన ట్యూటర్లలో చాలామంది ఓర్పు, అణకువ, చిరునవ్వు అంటూ మొదలుపెడతారు. దీపాలు వెలిగించి ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరున ప్రమాణం చేయించే రోజు కూడా ఈ మాటలే వినిపిస్తాయి. మాలపల్లె నుంచో మాదిగవాడ నుంచో వచ్చిన పిల్లకి ఓర్పూ అణకువా ఇప్పుడు కొత్తగా నేర్పాలా? ఊరు ఆ పాఠం ఆమె తల్లికీ అమ్మమ్మకీ ఎప్పుడో చెప్పేసింది. ఆమె ఎదుగుదలని వేరే చోట వెతకాలి.

ముందు ఈ వృత్తి మన దగ్గరకి ఎట్లా వచ్చిందో చూద్దాం. అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. ఆమె స్త్రీల ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. ఇట్లాంటి మిషన్ ఆసుపత్రులకి నర్సులు కావాలి. నర్సు పనంటే నెత్తురు, చీము, మలమూత్రాలు, పరాయి మగవాడి ఒళ్ళు ముట్టుకోవడం, రాత్రి డ్యూటీ. మడీ మైలా పాటించే ఇళ్ళు తమ ఆడపిల్లల్ని అంత తేలిగ్గా పంపలేదు. క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాల పిల్లలూ, దిక్కులేని వితంతువులూ వచ్చారు. మన ఆడపిల్లకి చదువు దారి దొరికింది గాని, ఆ దారి కూడా మైల పని మీదుగానే పోయింది.

మైల పని మనకేం కొత్త కాదు. ఎన్నో ఊళ్ళల్లో కాన్పు చెయ్యడానికి మంగలి, మాల, మాదిగ ఆడవాళ్ళనే పిలిచేవాళ్ళు. బిడ్డ అడ్డం తిరిగిందా, నొప్పులు నిజం నొప్పులేనా అని కడుపు మీద చెయ్యి వేసి చెప్పగలిగిన మంత్రసానులు ఉండేవాళ్ళు. బొడ్డు కోసినందుకు కాసిని గింజలు ఒళ్ళో పోసేవాళ్ళు. ఆ చేతిలో ఉన్నది విద్య అని మాత్రం ఎవ్వరూ అనలేదు. ఇవాళ మిడ్‌వైఫరీ నేర్చుకునే పిల్ల ప్రసూతి వార్డులో పార్టోగ్రాఫ్ గీస్తుంది. గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుంది, బిడ్డ గుండె నిమిషానికి 110, 160 మధ్యలో కొట్టుకుంటోందా లేదా అని గుర్తులు పెడుతుంది. గుర్తు గీత దాటితే పెద్ద డాక్టర్ని పిలిపించే బలం ఆ కాగితానికుంది. అమ్మమ్మ చేతికి తెలిసిన సంగతులు మనవరాలి చార్టులో సాక్ష్యంగా నిలబడుతున్నాయి.

ఇంకా చిన్న పని తీసుకుందాం. యూరిన్ బ్యాగు ఖాళీ చెయ్యడం. మొదటి నెలల్లో విద్యార్థిని ముక్కు మూసుకుని పారబోస్తుంది. తర్వాత కొలుస్తుంది. ఆ తర్వాత కొలిచినది ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టులో రాస్తుంది. 60 కేజీల మనిషికి గంటకి 30 మిల్లీలీటర్లకన్నా తగ్గి, ఆ తగ్గుదల వరుసగా సాగుతుంటే మూత్రపిండాలకి రక్తం సరిగా అందడం లేదేమోనని అనుమానించాలి. ఆ అనుమానం రావడం, రాత్రి రెండు గంటలప్పుడు డ్యూటీ డాక్టర్ని లేపడం, ఎన్నింటికి చెప్పిందో రాసి సంతకం పెట్టడం: నా దృష్టిలో ఎదుగుదల ఇదే. పాత్ర అదే, మూత్రం అదే. పారబోసిన పనికి పేరుండదు. రాసిన పనికి పేరూ బాధ్యతా రెండూ ఉంటాయి.

ఆయమ్మ పనిని తక్కువ చెయ్యడానికి ఈ మాట అనడం లేదు. ఆమె కూడా చాలాసార్లు మన వాడ మనిషే. (ఆసుపత్రిలో ఊడ్చేదెవరో, కడిగేదెవరో అడిగి చూడండి, ఊరి పటం అక్కడే కనపడుతుంది.) కొందరు నర్సులు ఆయమ్మని 'ఏయ్' అని పిలవడం మొదలుపెట్టి దాన్ని హోదా అనుకుంటారు. మైలని ఒక మెట్టు కిందికి తోసెయ్యడం కులం చేసిన పనే. యూనిఫాం వేసుకుని చేసినా అది అదే.

చార్టు రాయాలంటే ఇంగ్లీషు కావాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లకి మొదటి సంవత్సరం అనాటమీ, ఫిజియాలజీ పుస్తకాలు కొండల్లా కనిపిస్తాయి. పేపరు చూసి 'మొద్దు' అనేసే ట్యూటరు ఆ పిల్లని ఒకసారి రోగి మంచం పక్కన నిలబెట్టి హ్యాండోవర్ తెలుగులో చెప్పమనాలి. ఏ మందు ఎన్నింటికి ఇచ్చిందో, పుండు ఎంత మానిందో పూస గుచ్చినట్టు చెప్తుంది. ముందు తెలుగులో చెప్పించి తర్వాత ఇంగ్లీషులో రాయించడం పెద్ద కష్టం కాదు. నోరు తెరవడం అలవాటైతేనే రేపు "సార్, ఈ డోసు ఎక్కువుంది, ఒకసారి చూడండి" అనగలుగుతుంది. ఇంటిపేరు, ఊరు అడిగి కులం తేల్చుకునే రోగి బంధువుల ముందు కూడా నిలబడగలుగుతుంది.

సీటు సంగతి వేరే ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుని 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ సడలించారు, క్రైస్తవులకి సడలించలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులని బి.సి. 'సి' గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చారు. మిషన్ ఆసుపత్రి దారిన చదువుకొచ్చిన కుటుంబం ప్రభుత్వ సీటు దగ్గరికొచ్చేసరికి ఎస్.సి. కాకుండా పోయింది.

ఇక జీతం. సుప్రీంకోర్టు 2016 జనవరిలో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సు జీతం నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదంది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. సిఫారసు కదా, దానంతటది అమలు కాదు. మరో పక్క ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి, మానేస్తానంటే ఇవ్వని యాజమాన్యాలు ఉన్నాయి. కోర్సంతా చార్టులు రాసిన పిల్ల ఉద్యోగంలో చేరేనాడు మాత్రం నోటిమాట నమ్ముకుని వెళ్తోంది. జీతం, డ్యూటీ గంటలు, సెలవులు రాసి ఇమ్మని అడగడం చివరి సంవత్సరంలోనే నేర్పాలి. అట్లాంటి నియామక పత్రం నమూనా ఒకటి తెలుగులో తయారుచేసి నర్సింగ్ హాస్టళ్ళలో పంచడం మన సంఘాలు ఈ ఏడాదే చెయ్యగల పని.