వ్యవసాయ విమానయానంలో తీగల ప్రమాదాలు – నేర్వవలసిన పాఠాలు

పైర్లపై విమానం ద్వారా మందు చల్లే పద్ధతికి 1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నాంది పలికారు. సైనిక పైలట్ జాన్ మెక్‌రెడీ కర్టిస్ జెన్నీ విమానం నుండి లెడ్ ఆర్సినేట్ పొడిని వెదజల్లి, కటాల్పా చెట్లను ఆశించిన గొంగళిపురుగులను అదుపు చేశాడు. నాటి నుండి విమానాలు, మందులు ఎంతో మారాయి. అయితే మందు గాలికి కొట్టుకుపోకుండా పైరుపైనే పడాలంటే విమానం నేలకు దగ్గరగా ఎగరవలసిందే. ఈ రంగంలోని ప్రమాదాలకు మూలం ఇదే.

ప్రమాద కారణాలు

పిచికారీ సమయంలో విమానం పైరుకు 3-4 మీటర్ల ఎత్తున, గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. అంటే సెకనుకు 55 మీటర్లు. అడ్డంకి కంటపడిన తరువాత తప్పించుకునే వ్యవధి దాదాపు ఉండదు. గాలి నెమ్మదిగా ఉండే ఉదయం, సాయంత్రం వేళలు పిచికారీకి అనువైనవి. ఆ వేళల్లోనే వాలు ఎండ కళ్లలో పడి సన్నని తీగలు కనిపించవు. పొలం చివర విమానాన్ని పైకి లేపి మలుపు తిప్పడం మరో గండం. ఎత్తు మారకుండా 60 డిగ్రీలు వంచి తిరిగినప్పుడు, విమానం గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం సుమారు 40 శాతం పెరుగుతుంది. వేగం అంతకు తగ్గితే కోలుకోవడానికి చాలినంత ఎత్తు ఉండదు.

తెలిసిన తీగే తగులుతుంది

ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ వ్యవసాయ విమానాలు తీగలను ఢీకొన్న సంఘటనలను పరిశీలించింది. వాటిలో సగానికి పైగా సందర్భాలలో ఆ తీగ ఉన్నట్లు పైలట్‌కు ముందే తెలుసు. అలసట, మిగిలిన చిన్న భాగాన్ని త్వరగా ముగించాలన్న ఆతురత, క్షణకాలం మరోవైపు మళ్లిన దృష్టి ఆ ఎరుకను మరిపిస్తాయి. అందువలన ఒకసారి తీగను గుర్తించడంతో జాగ్రత్త పూర్తి కాదు. ప్రతి వరుసకూ దానిని గుర్తుచేసుకోవాలి.

కొన్ని అడ్డంకులు పైలట్‌కు తెలిసే అవకాశమే ఉండదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ఓక్లీ సమీపంలో ఒక వ్యవసాయ విమానం గాలి వేగాన్ని కొలిచే సన్నని స్తంభాన్ని ఢీకొనగా పైలట్ మరణించాడు. స్తంభం ఎత్తు 200 అడుగులకు కొద్దిగా తక్కువ. ఆ హద్దు దాటని కట్టడాలకు గుర్తులు వేయవలసిన నిబంధన అప్పుడు లేదు. ఇటువంటి స్తంభాలకు గుర్తులు ఉండాలని 2016లో అమెరికా చట్టం నిర్దేశించింది. నిబంధన రావడానికి ముందు ప్రాణనష్టం జరగవలసి వచ్చింది.

విమాన నిర్మాణంలో మార్పులు

1950లో టెక్సాస్ ఎ అండ్ ఎం కళాశాలలో ఫ్రెడ్ వైక్ రూపొందించిన ఏజీ-1 విమానంలో పైలట్ భద్రతకు ప్రాధాన్యం ఇచ్చారు. పైలట్ ఆసనాన్ని ఎత్తుగా, మందు తొట్టిని అతని ముందు అమర్చారు. నేటి వ్యవసాయ విమానాలు చాలావరకు ఇదే అమరికను అనుసరిస్తున్నాయి. తీగలను తెంచే కత్తులు కూడా కొన్నింటికి ఉంటాయి. ఇవి ప్రమాద తీవ్రతను తగ్గిస్తాయే గాని ప్రమాదాన్ని నివారించలేవు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

తెలుగు రాష్ట్రాలలో డ్రోన్ల వాడకం విస్తరిస్తున్న తరుణంలో ఈ అనుభవం ఉపయోగపడుతుంది. డ్రోన్‌లో మనిషి ఉండడు గాని, బోరు మోటార్లకు వెళ్లే తీగలు, గట్ల మీది స్తంభాలు, వాటిని బిగించిన స్టే వైర్లు ఇక్కడా ఉన్నాయి. తెగిన విద్యుత్ తీగ పొలంలోని వారికి ప్రాణాంతకం. కావున పిచికారీకి ముందు ఆపరేటర్ రైతుతో కలిసి పొలం చుట్టూ నడిచి అడ్డంకులన్నింటినీ పటంలో గుర్తించాలి. గత పిచికారీ తరువాత కొత్తగా వేసిన తీగల గురించి రైతును ప్రత్యేకంగా అడగాలి. తీగల పక్కనున్న వరుసలను చేతి పంపుతో పిచికారీ చేయడం మేలు. శిక్షణ తరగతులలో మందు మోతాదుతో పాటు ఈ నడకను కూడా పాఠ్యాంశంగా బోధించాలి.