తలుపు మూసుకోని ఎంజీబీ

బ్రిటన్‌లో మరమ్మతు మధ్యలో ఆగిపోయిన ఎంజీబీ ఓపెన్‌టాప్ కారు ఒకటి అమ్మకానికి వచ్చిందంటే దాని వాలకం ముందే ఊహించవచ్చు. ఇంజన్ విడిగా చెక్క దిమ్మల మీద ఉంటుంది. ముందు మడ్‌గార్డులు గోడకు ఆనించి ఉంటాయి. అట్టపెట్టెల నిండా నట్లు, బోల్టులు, స్విచ్చులు, వైర్లు. షెడ్డు నడుమ ఉక్కు డొల్ల ఒకటి, ఓ పక్క కొత్త రేకుతో, ఇంకో పక్క తుప్పుతో. పని ఎక్కడ ఆగిందో వంగి చూస్తే చాలాసార్లు అది తలుపు కిందే. యజమానికి ఓపిక చాలలేదని తేల్చేయడం తేలికే గానీ, కారణం ఆ కారు పుట్టుకలోనే ఉంది. అది అర్థమైతే అమ్మేవాళ్లు ఏం చెప్పాలో, కొనేవాళ్లు ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్‌కు ఉన్న కార్ల దుకాణం పేరు అది. 1920లలో దాని మేనేజరు సిసిల్ కింబర్ మామూలు మోరిస్ కార్లకు తేలికైన స్పోర్ట్స్ బాడీలు తొడిగించి అమ్మడం మొదలుపెట్టాడు. 1929 నుంచి ఫ్యాక్టరీ ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని ఆబింగ్డన్‌లో నడిచింది. ఇవాళ మన రోడ్ల మీద కనిపించే ఎంజీ హెక్టర్‌కూ ఆ పేరే వచ్చింది. అయితే పేరు తప్ప వాటి మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఎంజీబీకి మన దగ్గర అసలు చుట్టం అంబాసిడర్. 1962లో వచ్చిన ఎంజీబీలో ఉన్నది మాతృసంస్థ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బి-సిరీస్ ఇంజన్, 1,798 సీసీది. అదే వంశంలోని 1,489 సీసీ ఇంజన్ దశాబ్దాల పాటు అంబాసిడర్లను లాగింది. అంబాసిడర్ ఇంజన్ విప్పి బిగించిన మన పాత మెకానిక్ ఎంజీబీ బానెట్ ఎత్తి చూస్తే పెద్దగా తడబడడు. అదే పోత ఇనుప బ్లాకు, బ్లాకులోనే కామ్‌షాఫ్ట్, అవే పుష్‌రాడ్లు. రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, సుమారు 95 హార్స్‌పవర్, గంటకు 160 కిలోమీటర్లు దాటే వేగం మాత్రం ఎంజీబీ సొంతం.

ఇంజన్ పాత వంశానిదే అయినా బాడీ ఆ కంపెనీకి పూర్తిగా కొత్త. అంతకు ముందరి ఎంజీఏకి కింద విడిగా ఇనుప ఛాసిస్ ఉండేది. బాడీని దాని మీద పెట్టి బోల్టులు బిగించేవారు. బాడీ తుప్పు పట్టినా కింద ఛాసిస్ నిలిచేది. ఎంజీబీకి వచ్చేసరికి చీఫ్ ఇంజనీరు సిడ్ ఎనెవర్, ఆకారం గీసిన డాన్ హేటర్ ఆ ఛాసిస్‌ను తీసేశారు. రేకులనే ఒకదానికొకటి వెల్డింగు చేసి, బాడీయే బరువు మోసేలా తయారు చేశారు. దీన్నే మోనోకాక్ అంటారు. కారు ఎంజీఏ కన్నా కాస్త పొట్టిదైంది, లోపల చోటు మాత్రం పెరిగింది. బరువు సుమారు 920 కిలోలు.

పైకప్పు ఉన్న కారుకు మోనోకాక్ సహజంగా నప్పుతుంది, ఎందుకంటే కప్పు, నేల, పక్కలు కలిసి అన్ని వైపులా మూసిన పెట్టె అవుతాయి. కప్పు లేకపోతే సంగతి మారిపోతుంది. మూత తీసిన చెప్పుల పెట్టెను రెండు చివర్లా పట్టుకుని మెలి తిప్పితే ఎంత సులువుగా లొంగుతుందో, కప్పులేని కారు బాడీ కూడా అంతే. ముందు ఇంజన్ బరువు, వెనక ఇరుసూ పెట్రోలు ట్యాంకూ. నడుమ తలుపుల కోసం వదిలిన ఖాళీలు. గుంతల రోడ్డు మీద కారు సరిగ్గా ఆ ఖాళీల దగ్గరే వంగాలని చూస్తుంది. అక్కడ దాన్ని నిలబెట్టేది గేర్‌బాక్సు మీదుగా వెనక్కి సాగే రేకు సొరంగం, రెండు తలుపుల కింద సాగే రెండు బోలు దూలాలు. ఈ దూలాలనే సిల్ అంటారు.

ఎంజీబీ సిల్ బయటికి ఒక్క రేకులా కనిపిస్తుంది గానీ అది మూడు పొరలది. బయటి రేకు, లోపలి రేకు, రెంటి నడుమ నిలువుగా ఇంకో రేకు, అన్నిటి అడుగునా మరో పట్టీ. వీటిని అంచుల వెంట చుక్కచుక్కగా వెల్డింగు చేసి మూసిన పెట్టెగా మార్చారు. రేకు పల్చనిదే. బలమంతా ఆ మూసి ఉండటంలో ఉంది. ఏ గొట్టాన్నైనా పొడవునా చీల్చండి, ఉక్కు అంతే ఉంటుంది, మెలికను తట్టుకునే శక్తి మాత్రం ఎన్నో రెట్లు పడిపోతుంది. తుప్పు చేసేది అచ్చంగా ఈ పనే. వెల్డింగు అతుకులను తినేసి, మూసిన పెట్టెను చీలిన పెట్టెగా మారుస్తుంది.

తుప్పు అక్కడికే ఎందుకు చేరుతుందో కూడా చెప్పాలి. ముందు చక్రం చిమ్మిన బురద మడ్‌గార్డు లోపల, సిల్ మొదలయ్యే చోట పేరుకుంటుంది. అద్దం కింద నుంచి వచ్చే వాన నీటిని బయటికి పంపే గొట్టం ఆకులతో పూడుకుపోతే ఆ నీళ్లు కూడా లోపలి గోడల మీదకు దిగుతాయి. బ్రిటన్‌లో చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక ఇనుము నుంచి ఎలక్ట్రాన్లు కదిలే పని వేగం పుంజుకుంటుంది. రెండు రేకుల సందులో చేరిన తడి ఆరదు. ఆక్సిజన్ తక్కువగా అందే ఆ సందులోపలి లోహమే ఎక్కువగా కరిగిపోతుంది. పుట్టిన తుప్పు అసలు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమించి అతుకును విడదీస్తుంది, ఆ విడిన చోటికి మరింత నీరు చేరుతుంది. ఇదంతా లోపలి నుంచి జరుగుతుంది. బయట రంగు బుడగలా పొంగేసరికి లోపలి దూలం చాలావరకు పోయినట్టే.

కారు మాత్రం ఎంతో కాలం బతికింది. 1962 నుంచి 1980 వరకు 5 లక్షలకు పైగా ఎంజీబీలు తయారయ్యాయి. వాటిలో ఓపెన్‌టాప్‌వి సుమారు 3 లక్షల 87 వేలు, అందులో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. అమెరికా భద్రతా నిబంధనల కోసం 1974 చివర్లో క్రోమ్ బంపర్లు పోయి నల్ల రబ్బరు బంపర్లు వచ్చాయి, కారును కాస్త పైకి లేపారు, దాంతో మలుపుల్లో పట్టు తగ్గింది. 1979 సెప్టెంబరులో ఆబింగ్డన్ ఫ్యాక్టరీ 50 ఏళ్ల పండుగ చేసుకుంది. పండుగ ముగిసిన వెంటనే మూసివేత వార్త వచ్చింది. 1980 అక్టోబరులో చివరి కారు బయటికొచ్చింది.

ఇక సగంలో ఆగే పని సంగతి. ఎంజీబీ విప్పడానికి మామూలు స్పానర్లు చాలు. ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవే, ఊడి వస్తాయి. వెనకవి వెల్డింగు చేసినవి, కోయాలి. యజమాని ఉత్సాహంగా అన్నీ విప్పి, సిల్ కుళ్లిందని చూసి, దాన్ని కోసేస్తాడు. భారంలో ఎక్కువ భాగం ఆ దూలం మీదే ఉందన్నది ఆ క్షణంలో తెలియదు. తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కమ్మీలు వెల్డింగు చేసి బిగించకుండా కోస్తే డొల్ల నడుములో వంగుతుంది. ఆ వంపు మీదే కొత్త సిల్ అతికిస్తే వంపు శాశ్వతమైపోతుంది. రంగు కూడా వేశాక తలుపు బిగించి చూస్తే మూసుకోదు, పై అంచున సందు కరిగిపోయి రేకుకు రేకు తగులుతుంది. సరిచేయాలంటే కొత్త వెల్డింగు మళ్లీ కోయాలి. అప్పటికే డబ్బు, సెలవు రోజులు అయిపోయి ఉంటాయి. పని అక్కడ ఆగుతుంది. ఇలా ఆపేసినవాళ్ల మీద నాకు గౌరవమే ఉంది. ఆ తలుపును సుత్తితో కొట్టి, లప్పం పూసి అమ్మేసినవాళ్ల కన్నా వాళ్లు ఎంతో నయం.

మోసం కూడా ఇక్కడే జరుగుతుంది. అసలు సిల్ మడ్‌గార్డుల వెనక కూడా సాగుతుంది. కుళ్లిన దాన్ని అలాగే వదిలేసి, బయటికి కనిపించే మేరకు కొత్త రేకు తొడుగు వేసేస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే తలుపు తెరిచి, మూసి, చుట్టూ సందు చూసుకుని, తర్వాత జాకీతో కారును ఒక పక్క నుంచి ఎత్తి, మళ్లీ తలుపు తీసి వేయాలి. గట్టి బాడీ అయితే తేడా కనిపించదు. సందు మారిందంటే, తలుపు పట్టేసిందంటే, తళతళలాడే ఆ రంగుకు విలువ కట్టకూడదు. అందుకే రంగు వేసిన కారు కన్నా రేకు బయటపడి ఉన్న సగం పని కారును నమ్మవచ్చని నా గట్టి అభిప్రాయం. దాని జబ్బు కళ్లెదుటే ఉంటుంది.

కానీ సగంలో ఆగిన కారులో లోహం కన్నా ముందు పోయేది జ్ఞాపకం. ఏ బోల్టు ఎక్కడిదో విప్పిన మనిషికి మాత్రమే తెలుసు. ముందు సస్పెన్షన్‌లో పై చేయిగా పనిచేసేది షాక్ అబ్సార్బరే అని తెలియనివాళ్లు దాన్ని వేరే సంచిలో పడేస్తారు. 1967కు ముందరి కార్లలో బాడీకి కలిపేది బ్యాటరీ పాజిటివ్ తీగ. ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పకపోతే కొత్త విడిభాగాలు మాడిపోతాయి. అందుకే అమ్మేవాళ్లు ధర కన్నా ముందు పట్టిక రాయాలి. ఏది విప్పారు, ఏది పోయింది, వెల్డింగు ఏ పక్క పూర్తయింది, ఆ సమయంలో తలుపు ఖాళీని కమ్మీలతో బిగించారా లేదా. విప్పేటప్పుడు తీసిన ఫొటోలు, పేర్లు రాసిన సంచులు, సిల్ కోసిన చోటి కొలతలు. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డుల నుంచి తీసి ఇచ్చే సర్టిఫికెట్‌లో కారు తయారైన తేదీ, మొదటి రంగు, ఇంజన్ నంబరు ఉంటాయి. అది జత చేస్తే విడిగా పడి ఉన్న ఇంజన్ ఆ కారుదేనా అన్న సందేహం తీరిపోతుంది. ఏళ్ల తరబడి నిలిచిన కారులో బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చి పిస్టన్లను బిగదీస్తుంది, పెట్రోలు జిగురుగా మారుతుంది. కాబట్టి చివరిసారి ఎప్పుడు నడిచిందో కూడా చెప్పాల్సిందే.

ఎంజీబీకి దక్కిన అదృష్టం ఒకటుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులను వెతికి సేకరించి 1988 నుంచి కొత్త బాడీలు తయారు చేసి అమ్ముతోంది. సిల్ కోసుకుని చిక్కుకుపోయినవాళ్లకు అది నిజమైన దారి. పాత డొల్లను పక్కనపెట్టి ఇంజన్, ఇరుసు, అద్దం, సీట్లు కొత్తదానిలోకి మార్చుకోవచ్చు. ఖర్చు తక్కువేమీ కాదు, చాలాసార్లు పూర్తయిన మంచి ఎంజీబీ ఒకటి కొనడమే చౌక. అయినా ఆ బాడీ ధర అందరికీ తెలిసినదే కాబట్టి సగంలో ఆగిన కారు వెలను దాంతో పోల్చి కట్టవచ్చు. కొత్త బాడీ, రంగు, ఎక్కింపు కూలి కలిపితే ఎంతవుతుందో లెక్క వేసి, బాగైన కారు ధరలోంచి అది తీసివేస్తే మిగిలేదే పెట్టెల్లోని భాగాల విలువ. అమ్మేవాళ్లు తమ వెల్డింగుకు అంతకు మించి అడగాలంటే ముందు ఆ తలుపు బిగించి, కారును జాకీతో ఎత్తి, తీసి మూసి చూపించాలి.